పోపుల పెట్టెలో ఇంజను

మా ఇంట్లో నెలకి మూడు లీటర్ల వంటనూనె అవుతుంది. మా పాత పికప్ బండికి నాలుగు లీటర్ల ఇంజనాయిలు అయ్యేది. మా ఆవిడ లెక్కల పుస్తకంలో రెండింటినీ ‘నూనె’ అనే ఒకే పద్దు కింద రాసేది. నాకు కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు నూనె తగ్గించమంటే, “ఈయనకి సరే, బయట నిలబడ్డదానికి కూడా ఓ మాట చెప్పండి” అంది.

ఆ బండి మామిడికాయలకని కొన్నాను. నూజివీడు దగ్గరి తోటలో కాయ కోసి నున్న మార్కెట్టుకి తోలేవాణ్ణి. ఆయిలు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ‘ఈ కోత అయ్యాక చూద్దాం’ అనుకున్నాను. అలా చాలా కోతలే అయ్యాయి. చివరికి బండి నీలంపొగ వదలడం మొదలెట్టింది. దోమల మందు కొట్టే బండి అనుకుని వీధిలో పిల్లలు వెంటపడేవారు. పొద్దున్నే స్టార్టు కాకపోతే తోసేది కూడా వాళ్లే కాబట్టి నేనేమీ అనలేదు. ఎవరడిగినా డీజిల్లో కల్తీ అని చెప్పేవాణ్ణి.

మేస్త్రీ వచ్చి, బండి స్టార్టులో ఉండగానే ఆయిలు పోసే మూత తీశాడు. లోపలినుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొచ్చింది.

“బోరుకొచ్చేసింది బాబాయ్. రింగులరిగి కంప్రెషన్ కిందకి పోతోంది, ఆయిలు పైకెక్కి కాలుతోంది.”

నేను గంభీరంగా తలూపాను. అర్థం కాలేదు. మా ఆవిడ గుమ్మంలోంచే, “కుక్కరు రబ్బరు పోతే ఆవిరి పక్కలనుంచి పోయినట్టా?” అంది. మేస్త్రీ అక్కణ్ణుంచి నాతో మాట్లాడ్డం మానేసి ఆవిడతోనే మాట్లాడాడు. క్రాంకు కూడా పోయిందట. పిస్టన్లు, బోరు, క్రాంకు గ్రైండింగు అన్నీ కలిపితే సెకండ్ హ్యాండ్ ఇంజనే చవకట.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాం. అక్కడ ఇంజన్లు వెండిరంగు పూసుకుని పెళ్లికొడుకుల్లా కూర్చున్నాయి. మేస్త్రీ క్రాంకు తిప్పి చూశాడు, వేలితో ఆయిలు తీసి రుద్ది చూశాడు. నేను కాలితో తట్టి “బావుంది” అన్నాను. బిల్లు అక్కర్లేదంటే రెండు వేలు తగ్గిస్తానన్నాడు కొట్టాయన. బేరం గెలిచానని మురిసిపోతూ ఇంటికొచ్చాను.

“బిల్లేదీ?” అంది మా ఆవిడ.

ఇంజను మారిస్తే 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి, చట్టమది. ఇంజను ఎక్కడిదంటే చూపించడానికి కాగితం ఉండాలిగా! మర్నాడు మళ్లీ వెళ్లి ఆ రెండు వేలూ ఇచ్చి బిల్లు తెచ్చుకున్నాను. బస్సు చార్జీ, భోజనం అదనం.

బిగింపు మాత్రం ఇంటి దగ్గరే పెట్టించాను, కూలీ కలిసొస్తుందని. మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లిన రోజు చూసుకున్నాను. మూడు ఇనప గొట్టాలు నిలబెట్టి చైన్ పుల్లీతో మేస్త్రీ పాత ఇంజను దించాడు. బోల్టులు జాగ్రత్త చేసే బాధ్యత నాది. ఒక్కటి కలిసినా కష్టమన్నాడు. ఏడు గిన్నెలున్న పోపుల పెట్టె కంటే మంచి ఏర్పాటు నాకు తోచలేదు. దినుసులన్నీ పేపరు మీద కుమ్మరించి, పసుపు గిన్నెలో మౌంటింగు బోల్టులు, జీలకర్రలో గేర్‌బాక్స్‌వి, మెంతుల్లో సైలెన్సరు నట్లు వేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

సాయంత్రానికి కొత్తింజను కూర్చుంది. డీజిల్ లైన్లో గాలి తీశారు, ఆయిలు పోశారు. నేనే తాళం తిప్పాను. టక్. మళ్లీ తిప్పాను. టక్. లైట్లు కూడా మిణుకుమిణుకుమన్నాయి. బ్యాటరీ కొత్తదే. స్టార్టరు మార్చి చూశాడు మేస్త్రీ. నేను ఆటోనగర్‌ని తిడుతూ కూర్చున్నాను. పాత ఇంజనే నయమని కూడా అన్నట్టున్నాను.

చీకటిపడే వేళకి మా ఆవిడ వచ్చింది. చారుకి తిరగమోత పెట్టాలని వంటింట్లోకెళ్లింది. కాసేపు చప్పుడు లేదు.

“ఏవండీ, ఆవాల గిన్నెలో ఇదేమిటి?”

ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ వైరు బిగించే బోల్టది. నల్లగా ఉండటంతో, కుమ్మరించాక కూడా అడుగున మిగిలిపోయిన ఆవాల్లో కలిసిపోయింది. మేస్త్రీ రెండు నిమిషాల్లో బిగించాడు. తాళం నాకివ్వకుండా తనే తిప్పాడు. పొగ లేకుండా, తోసేవాళ్లు లేకుండా ఇంజను అందుకుంది. పిల్లలు కాస్త నిరాశపడ్డారు.

మా ఆవిడ మాత్రం పసుపు గిన్నెలో వేలుపెట్టి గ్రీజు వాసన చూస్తోంది. ఆ రాత్రి లెక్కల పుస్తకంలో ఇంజను ఖర్చు కింద ఇంకో పద్దు చేరింది: పోపుల పెట్టె, కొత్తది.