నెత్తురు తాగని ప్రియుడు: సటీకా తాత్పర్యం

మూలం

నూరు దాటి కూడ నూనూగు మీసాల
కుర్రవాడు దుప్పి గుటకవేసి
కన్నె నిదురఁ జూచుఁ గన్నార్పకుండంగ
వలపు గాదె యిదియు వనజనేత్ర!

అవతారిక

పద్యకర్త పేరు చెప్పడం వ్యాఖ్యాతకు మర్యాద కాదు. కథ మాత్రం స్టెఫనీ మేయర్ గారిది. ఆమె అరిజోనాలో ముగ్గురు చిన్నపిల్లల తల్లిగా ఉండగా 2003 జూన్ 2న ఒక కల వచ్చింది. పచ్చికబయల్లో ఒక అమ్మాయి, ఎండలో తళతళా మెరిసే ఒక రక్తపిశాచి. అతనికి ఆమె అంటే ప్రాణం, ఆమె నెత్తుటి వాసన సోకితే మాత్రం నిలవలేడు. ఆ కల 2005లో అచ్చయిన ‘ట్విలైట్’ నవలలో 13వ అధ్యాయమైంది. ఎండ పొడ తగిలితే గుట్టు రట్టయ్యే నాయకుణ్ణి ఎక్కడ కాపురం పెట్టించాలన్నది తర్వాతి చిక్కు. అమెరికాలో వానలు ఎక్కువ పడే చోటేదని మేయర్ ఇంటర్నెట్‌లో వెతికితే వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే చిన్న ఊరు తగిలింది. ఏడాదికి నూరంగుళాలు దాటి వాన పడే చోటు. ఫీనిక్స్ నుంచి ఆ ఊళ్లో తండ్రి దగ్గరికి వచ్చిన పదిహేడేళ్ల బెల్లా, బయాలజీ క్లాసులో పక్కన కూర్చున్న ఎడ్వర్డ్ కలెన్‌ను తలచుకుని చెలికత్తెతో పలికినట్టుగా ఈ పద్యాన్ని అన్వయించుకోవాలి.

ప్రతిపదార్థం

నూరు దాటి కూడ = 1901లో షికాగోలో పుట్టి, 1918లో స్పానిష్ ఫ్లూతో కొడిగడుతుండగా డాక్టరు కార్లైల్ కాటువల్ల ఆ వయసులోనే ఆగిపోయినవాడై; నూనూగు మీసాల = పదిహేడేళ్ల మొహం గల (నవలలో మీసాలు లేవు, యతి కోసం మొలిచినవి); కుర్రవాడు = ఊరు మారినప్పుడల్లా హైస్కూలు చదువు మళ్లీ మొదలుపెట్టేవాడు; దుప్పి గుటకవేసి = మనుషుల జోలికి పోకుండా అడవి జంతువుల నెత్తురుతో సరిపెట్టుకుని. అతనికి అసలిష్టం కొండసింహం. అది గణాల్లో ఇమడలేదు. అతనుండే కలెన్ల కుటుంబం తమను తాము ‘శాకాహారులం’ అని చెప్పుకుని నవ్వుకుంటుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో శాకం అంతే. కన్నె నిదురఁ జూచు = నిద్రపోతున్న పిల్లను చూచును; కన్నార్పకుండంగ = రెప్ప వేయకుండా; వనజనేత్ర = తామరరేకుల వంటి కన్నులు గలదానా; ఇదియు వలపు గాదె = ఇదీ ప్రేమే కదా!

తాత్పర్యం

ఏళ్లు మీదపడినా ఈడు ముదరని ఆ అబ్బాయి, అడవిలో దాహం తీర్చుకుని వచ్చి తెల్లవార్లూ ఆ పిల్ల నిద్రకు కాపలా ఉంటాడు. దీన్ని ప్రేమ అనక ఏమంటారే, అని భావం.

విశేషాలు

మొదటి పాదంలో విరోధాభాసం ఉందని ఎవరైనా చెబుతారు. పద్యానికి ప్రాణం అది కాదు, విశేషోక్తి. కారణాలన్నీ కుప్పపోసినట్టు ఉండి కూడా కార్యం జరగకపోతే ఆ అలంకారం. ఇక్కడ ఆకలి ఉంది. ఎదురుగా ఆహారం ఉంది, అదీ అతను మరెప్పుడూ ఎరగనంత కమ్మని వాసనతో. చీకటి ఉంది, ఏకాంతం ఉంది. ఊరి పోలీసు అధికారి అయిన తండ్రి గాఢనిద్రలో ఉన్నాడు. అయినా తినడు. ‘తినడు’ అన్న ఒక్క క్రియ మీద దాదాపు ఐదువందల పుటలు నడుస్తాయి. 1819లో పాలిడోరి రాసిన పిశాచి ప్రభువు గానీ, 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాక్యులా గానీ ఇంత దూరం రానివ్వరు. కారణం కనపడగానే కార్యం కానిచ్చేస్తారు. అందుకే అవి భయానక కథలయ్యాయి.

సిటీబస్సులోనూ ట్యూషన్ దారిలోనూ పదహారేళ్ల పాఠకురాలు నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఆకలిగా చూసేవాడు ఆగడు. ఈ నవలలో అందరికంటే ఆకలిగొన్నవాడు, అడ్డుకునే దిక్కే లేనివాడు, తనంతట తాను ఆగుతున్నాడు. ఆ పిల్లకు ఇంతకు మించిన అద్భుతం ఏ మాంత్రికుడు చూపించగలడు? ఈ నవలల వరుసలో మూడో పుస్తకంలో అమ్మాయే తొందరపడితే, పెళ్లయ్యాకే అని భీష్మించుకునేది అతగాడు. మేయర్ మోర్మన్ సంప్రదాయంవారు, నిగ్రహం వాళ్లింటి అలవాటు. 2008లో వచ్చిన నాలుగో పుస్తకంలో పెళ్లి జరిగింది, అలంకారం చెడింది. అక్కడినుంచి కథ పలచబడిందనే నేనంటాను.

శృంగారానికి బీభత్సం పగ అంటారు లాక్షణికులు. నెత్తురు తాగేవాడితో శృంగారం ఎలా పొసగుతుంది? రచయిత్రి చాకచక్యం ఇక్కడ చూడాలి. శవపేటిక తీసేసింది, కోరలు తీసేసింది, వేటను చాలామటుకు తెర వెనక్కి నెట్టింది. ఎండలో కాలి బూడిద కావలసిన ఒంటికి వజ్రాల మెరుపు పూసింది. మిగిలింది తెల్లటి మొహం, పియానో, వోల్వో కారు. యద్దనపూడి సులోచనారాణి నవలలు చేతులు మారిన ఇళ్లలో ఈ అబ్బాయి కొత్తవాడేం కాడు. డబ్బు, దర్జా, బిగదీసిన మొహం, లోపల దాచిన ప్రేమ. ‘సెక్రటరీ’ రాజశేఖరం నెత్తురు తాగడు, అంతే తేడా.

‘నిదురఁ జూచు’ అన్నది దోషమని ఒక పక్షం. చెప్పాపెట్టకుండా రాత్రిపూట ఆడపిల్ల గదిలో దూరి కూర్చోవడం ఏ దేశపు చట్టంలోనైనా నేరమే, దాన్ని నేనూ సమర్థించను. కాకపోతే ఆ ఘట్టం ఎలా రాశారో చూడండి. సంగతి తెలిశాక బెల్లాకు కోపం రావాలి. తెచ్చుకోబోతుంది, రాదు. తనకు నిద్రలో మాట్లాడే అలవాటు. ఇంతకూ ఏమేం వాగాను అన్నదే ఆమె బెంగ. అతనికి ఊళ్లో అందరి మనసులూ వినపడతాయి, ఈమె మనసు ఒక్కటే వినపడదు. ఆ నిద్రమాటలే అతనికి దొరికిన ఏకైక కిటికీ. ఇంట్లో ఫోను దగ్గర్నుంచి డైరీ దాకా అందరూ తిరగేసే వయసులో, తన మనసు ఎవరికీ అందదన్న గర్వమూ, దాన్ని అందుకోవడానికి ఒకడు జాగారం చేస్తున్నాడన్న గర్వమూ కలిసి దొరికితే ఏ పిల్ల పుస్తకం మూస్తుంది?

ఇక ‘వనజనేత్ర’ ఎవరు? చెలికత్తె అని అవతారికలో అన్నాను. తల్లి అని అన్వయించినా తప్పు లేదు. ఈ పుస్తకాలు పిల్లలకని అచ్చువేస్తే, అమెరికాలో తల్లులు వేరే అభిమాన సంఘమే పెట్టుకున్నారు. వాళ్లకు నచ్చిన గుణం వేరై ఉంటుందని నా ఊహ. బెల్లా ఊళ్లోకి వచ్చీరాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంటుంది. తండ్రి పట్టుకొచ్చే చేపలు వండిపెట్టేది ఆ పిల్లే. ఎడ్వర్డ్ ఆమెను పోర్ట్ ఏంజిలిస్ హోటల్లో కూర్చోబెట్టి పుట్టగొడుగుల రవియోలీ తెప్పిస్తాడు. తాను ముద్ద ముట్టడు, ఆమె తింటుంటే చూస్తాడు. కలెన్ల ఇంట్లో ఎవరికీ అన్నం అక్కర్లేదు, పొద్దున్నే టిఫిను ఏం చేశావని అడిగేవాడు లేడు.