సూది ఊగితే చాలనుకున్నాను

నాకు కంప్రెసర్ అవసరం లేదు. ఆ సంగతి కొనకముందే తెలుసు. నా రికార్డింగ్ ఇంటర్‌ఫేస్ 24 బిట్లది, కాగితం మీద లెక్క వేస్తే సన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య 144 డెసిబెల్స్ పడుతుంది. గొంతును కాస్త తగ్గించి రికార్డు చేసుకుని, తర్వాత కంప్యూటర్లో తీరిగ్గా సర్దుకోవచ్చు. టేపుల కాలం వేరు. మెల్లగా పాడితే టేపు బుసలో మాట మునిగేది, గట్టిగా అరిస్తే పగిలేది. అందుకే గొంతును దారిలోనే అదుపు చేసే పెట్టెలు, అంటే కంప్రెసర్లు, వాడేవారు. 1960ల్లో ఎల్‌ఏ-2ఏ వచ్చింది, ఆ దశకంలోనే బిల్ పుట్నమ్ 1176. ఇదంతా కడపలో నాలాంటి వాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. అయినా ఫ్రిజ్ కోసం దాచిన డబ్బులతో 1176ను చూసి చేసిన సెకండ్‌హ్యాండ్ పెట్టె ఒకటి కొన్నాను. ఎందుకంటే దానికి సూది ఉన్న మీటరు ఉంది. పసుపు వెలుతురులో ఆ సూది ఊగుతుంటే, మా వెనక గది స్టూడియో అయిపోయినట్టే అనిపించింది.

మొదటి వేట కర్నూలు నుంచి బస్సెక్కి వచ్చిన మా పెదనాయన మీద. నాటకాల్లో హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి, కాటిసీను పద్యాలు ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి. ఒక్క మైకును నలుగురు పంచుకున్న స్టేజీల మీద పెరిగిన గొంతు ఆయనది. మాటకు మైకు దగ్గరికి వస్తారు, రాగం ఎత్తుకునేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఎవరూ నేర్పని అలవాటు. చేయాల్సిన సర్దుబాటంతా ఆ ఒక్క అడుగులోనే ఉంది. అది నా కళ్లముందే జరుగుతోంది, నేను మాత్రం సూదిని చూస్తున్నాను.

ఆ రకం పెట్టెకు ఎక్కడి నుంచి నొక్కాలో చెప్పే థ్రెషోల్డ్ మీట ఉండదు, ఇన్‌పుట్ పెంచేకొద్దీ నొక్కుతుంది. నేను పెంచాను. రేషియో బటన్లు 4, 8, 12, 20 ఉంటే 20 నొక్కాను. పెద్ద అంకె కదా! అటాక్, అంటే నొక్కడం మొదలయ్యే తీరు, మెల్లగా ఉండాలని మీటను కుడివైపు చివరి దాకా తిప్పాను. కంప్యూటర్లో అలాగే ఉంటుంది మరి. 1176లో తిప్పుడు తలకిందులు, కుడి చివర అంటే అన్నిటికంటే వేగం, సెకనులో 50 వేలో వంతు. నొక్కింది వదిలే రిలీజ్ మీటకూ అదే తలకిందులు. తీరిక దొరికాకే తెలిసింది.

వింటే గుండె జారింది. మైకు దగ్గర గుసగుసగా అన్న మాట, వెనక్కి వెళ్లి ఎత్తుకున్న రాగం రెండూ ఒకే మట్టంలో, పరిచిన కడప బండల్లా ఉన్నాయి. ఆయన ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ పక్క గదిలోని కూలర్ మోత పైకి లేచింది. మే నెలలో, డెబ్బై దాటిన మనిషిని కూర్చోబెట్టి దాన్ని ఆపగలనా? నేల మీదా గోడల మీదా తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని సరేసరి. పద్యానికి తోడుగా పెట్టుకున్న హార్మోనియం తిత్తి గాలి పీల్చే చప్పుడు కూడా పద్యంతో సమానంగా వినిపించింది.

వెనక్కి తీసుకుందామంటే కుదరదు. పెట్టె దాటి వచ్చిందే ఫైల్లో పడింది. ఇంటర్‌ఫేస్‌లో రెండో ఇన్‌పుట్ ఖాళీగా ఉంది, వైరు చీల్చి అసలు గొంతును అందులోకి పంపి ఉంటే సరిపోయేది. ఆ వైరు కూడా ఇంట్లో ఉంది.

పెదనాయన హెడ్‌ఫోన్ తీసి అడిగారు: "నేను ఎనక్కి పోతే, నువ్వెందుకబ్బీ నన్ను ముందుకు లాక్కొచ్చినావు?"

"స్టూడియోల్లో ఇట్లే చేస్తారు పెదనాయనా" అన్నాను.

నమ్మారు. సాయంత్రం బస్సుకు ముందు ఫోన్లో వేయించుకుని మరీ వెళ్లారు. ఇప్పుడది ఆయన రింగ్‌టోన్. కర్నూలు బస్టాండ్ గోలలో కూడా బ్రహ్మాండంగా వినబడుతుందట.