పిల్లికి తెలిసింది పటేలుకు తెలియదా

మా రోజుల్లో డిటెక్టివ్ అంటే యుగంధర్. మద్రాసులో ఉంటాడు. పక్కన అసిస్టెంటు రాజు. ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఫోన్ చేశాడంటే ఇద్దరూ కారెక్కి బయల్దేరతారు. కొమ్మూరి సాంబశివరావు రాసిన ఆ నవలల కోసం దేవరకొండలో బడి వదలగానే అద్దె పుస్తకాల దుకాణం ముందు గుంపు కట్టేవాళ్లం. అద్దె రోజు లెక్కన. సాయంత్రం తెచ్చిన పుస్తకం కందిలి వెలుగులో తెల్లారేలోగా అయిపోవాలి. దుకాణదారు ప్రతి పుస్తకానికీ సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి, అంచు పొడుగునా దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేసేవాడు. ఆ కుట్టులో కుడి పేజీ వరుసలకు మొదటి అక్షరాలు, ఎడమ పేజీ వరుసలకు చివరి అక్షరాలు మాయం. వాటిని ఊహించుకుంటూ చదవాలి. నాలుగు చేతులు మారేసరికి చివరి ఆకు ఊడిపోయేది. అప్పుడు హంతకుడెవరో ముందు చదివినవాణ్ణి అడగాలి. వాడికొక పండిన సీతాఫలం ముట్టజెబితే తప్ప నోరు విప్పేవాడు కాదు.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. నల్లగొండలో, మిర్యాలగూడలో, పాలమూరులో, వనపర్తిలో ఎక్కడా నవలలు అద్దెకిచ్చే బంకు నాకు కనపడలేదు. ఆ జాగాల్లో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. గ్రంథాలయానికి పోతే బల్లలన్నీ నిండే ఉంటాయి, కానీ అందరి ముందూ గ్రూప్స్ పుస్తకాలు, కానిస్టేబుల్ పరీక్షల గైడ్లు. ఆ పిల్లలను తప్పు పట్టను, బతుకుదెరువు ముందు. నా కోపం బీరువా తాళం మీద. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్న జనానికి నవలల బీరువా ఎందుకు తెరిచి ఉండదు? తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్లు కూడా ఎందుకు దొరకరు?

అందుకే అమెరికాలో ఉద్యోగం చేసే మా మనవరాలు పోయినేడు సంచెడు పుస్తకాలు తెచ్చి మంచం మీద పోస్తే నాకు పండుగైంది. "తాతా, నీకు డిటెక్టివులంటే పానం గదా. వీటిల్ల పిల్లే డిటెక్టివ్" అంది. వానాకాలమంతా అవే చదివాను.

చాలావరకు లిలియన్ జాక్సన్ బ్రాన్ అనే ఆవిడ రాసినవి. ఆమె డెట్రాయిట్ నగరంలో ఒక దినపత్రికలో దాదాపు 30 ఏళ్లు పనిచేసింది. పెంచుకున్న సయామీ పిల్లి పదో అంతస్తు నుంచి పడి చచ్చిపోయింది. ఎవరో తోసేశారని అనుమానం. పిల్లి చస్తే కేసు రాసుకునేదెవరు, విచారించేదెవరు? ఆ దుఃఖంలోంచే ఆమె మొదటి పిల్లి కథ పుట్టింది. 1966లో మొదటి నవల వచ్చింది, 1968కల్లా మూడు. ఆ తర్వాత 18 ఏళ్లు ఒక్కటీ లేదు. 1986లో మళ్లీ మొదలుపెట్టి 2007 నాటికి మొత్తం 29 చేసింది. 2011లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఆ నవలల్లో పిల్లులు రెండు, కోకో, యమ్ యమ్. వాటిని సాకే క్విల్లరన్ పెద్ద మీసాల విలేకరి. నాకు బాగా నచ్చిందేమంటే కోకో మాట్లాడదు. టోపీ పెట్టుకోదు, రెండు కాళ్ల మీద నడవదు. అలమారలోంచి ఒక పుస్తకాన్ని పంజాతో కింద పడేస్తుంది. నడిరాత్రి ఒక తీరుగా అరుస్తుంది. ఆ పడేసిన పుస్తకానికీ జరిగిన హత్యకూ లంకె ఉందని తెలుసుకోవడం మనిషి వంతు. కావాలనే చేసిందా, ఊరికే పిల్లి చేష్టా అన్నది రచయిత్రి తేల్చదు. ఆ సంయమనం గొప్పది. ఇప్పటి మన పిల్లల బొమ్మల సినిమాల్లో జంతువులు ఒక్క క్షణం నోరు మూసుకోవు.

రీటా మే బ్రౌన్ అనే ఇంకొకావిడ 1990లో మొదలుపెట్టిన వరుసలో మిసెస్ మర్ఫీ అని ఒక చారల పిల్లి. దాని యజమానురాలు వర్జీనియాలో క్రోజే అనే చిన్న ఊళ్లో పోస్టాఫీసు నడుపుతుంది. ఎవరికి ఏ కార్డు వచ్చిందో ఆమెకు తెలియకుండా ఉండదు. జపానులో జిరో అకగావా 1978లోనే మూడు రంగుల పిల్లికి హోమ్స్ అని పేరుపెట్టి నవలలు రాశాడు. అందులో పోలీసు డిటెక్టివ్‌కు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి, కేసు పిల్లే తేల్చాలి.

వీటిలో చాలావాటిది ఒకటే బాణీ. చిన్న ఊరు. అందరికీ అందరూ తెలుసు. హత్య మన కళ్ల ముందు జరగదు, నెత్తురు పేజీ మీద కారదు. చచ్చినవాడి గురించి ఊళ్లో తలా ఒక మాట. చివరికి నిజం బయటపడుతుంది, చేసినవాడు దొరుకుతాడు, మిగతావాళ్లు టీ తాగుతారు. అగాథా క్రిస్టీ 1930లోనే మిస్ మార్పుల్ అనే ముసలావిడ చేత ఇదే పని చేయించింది. మా ఊరి ముసలమ్మలు అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ చేసిన పని కూడా అదే.

అలాంటప్పుడు ఈ నవల పుట్టాల్సింది మా దగ్గర కాదా? పిల్లులు లేకనా? మా నాయనమ్మ అనేది, "పిల్లి పిల్లలను ఏడిండ్లు తిప్పినంకనే సాదుకుంటది" అని. అది నేను కళ్లారా చూశాను. మా ఇంట్లో మసిరంగు పిల్లి ఒకటి గుమ్మి చాటున ఈనింది. కండ్లు తెరవని కూనను మెడ మీద తోలు పట్టి, దూలం మీదుగా నడిచి, సూరు సందులోంచి పక్కింటి పెంకుల మీదికి దిగింది. పటేలు ఇంట్లో దానికి పాలు. కోమటి ఇంట్లో బియ్యం బస్తాల దగ్గర ఎలుకలు. ఊరవతలి వాడలో దండెం మీద ఎండేసిన తునకలు. మనుషులు గడప దగ్గర, వాకిలి దగ్గర, కొందరైతే ఊరి పొలిమేర దగ్గర ఆగిపోవాల్సిన కాలం అది. అన్ని ఇండ్ల వంటగదులూ, పడకటిండ్లూ చూసిన ప్రాణి ఊరంతటికీ అదొక్కటే. ఏ గుమ్మిలో ధాన్యం ఎంతుందో, ఏ ఇంట్లో కోడలు రాత్రిపూట ఏడుస్తుందో దానికి తెలుసు. అంతకంటే మంచి సాక్షిని ఏ యుగంధర్ తేగలడు?

మరి ఎందుకు పుట్టలేదు? నాకు తోచిన కారణం చెబుతాను. యుగంధర్ నవలలో ప్రశ్న ఎవరు చేశారు అని. మా దిక్కున ఆ ప్రశ్న ఎప్పుడూ లేదు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. ఎవరు చెబుతారు అన్నదే ప్రశ్న. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు నేలకూలాడు. కాల్చింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులని తెలుసుకోవడానికి ఏ భూతద్దమూ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత సాయుధ పోరాటం, రజాకార్లు, 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, 1951 దాకా కాల్పులు. మా ముందు తరానికి చావు సాయంత్రం పూట విప్పుకునే పొడుపుకథ ఎట్లా అవుతుంది?

పెద్ద చావుల సంగతి అలా ఉంచండి. నా చిన్నతనంలో ఊళ్లో ఒక ఆడమనిషి బాయిలో తేలింది. పొద్దున్నే పంచనామా జరిగింది. బాయి గడ్డ మీద మంచం వేసి, కాగితం మీద "నీళ్లకు వచ్చి కాలుజారి పడినది" అని రాశారు. అయిదుగురు వేలిముద్రలు వేశారు. వేలికంటిన సిరాను వాళ్లు వేపాకుతో తుడుచుకోవడం నాకిప్పటికీ గుర్తే. ఆ బాయికి ఆమె నీళ్లకు రాదని, వాళ్ల పెరట్లోనే చేదబాయి ఉందని ఆ అయిదుగురికీ తెలుసు. రాయించినవాళ్లకూ తెలుసు. ఆ ఇంటి పొయ్యి పక్క పడుకునే పిల్లికి తెలిసింది పటేలుకు తెలియదా? తెలుసు. చెప్పలేదు. అంతే.

మన పాత కథల్లోనూ ఇదే జరిగింది. హితోపదేశంలోది, చిన్నయసూరి నీతిచంద్రిక పుణ్యమా అని బడిలో మేమంతా చదివినదే. జువ్విచెట్టు తొర్రలో జరద్గవం అనే గుడ్డి ముసలి గద్ద. చెట్టు మీది పక్షులు దయతలచి దానికి తిండి పెడతాయి. దీర్ఘకర్ణం అనే పిల్లి వచ్చి, వ్రతాలు చేస్తున్నానని, మాంసం ముట్టనని నమ్మించి తొర్రలో చేరుతుంది. పక్షిపిల్లలను ఒక్కొక్కటే తెచ్చి అక్కడే తిని, ఎముకలు అక్కడే వదులుతుంది. పక్షులు వెతకడం మొదలుపెట్టగానే జారుకుంటుంది. ఎముకలు దొరికింది గద్ద తొర్రలో. పక్షులు గద్దను పొడిచి చంపేస్తాయి. ఆలోచిస్తే ఇంతకంటే బిగువైన నేరకథ మనకు లేదు. హంతకుడున్నాడు, తప్పుదారి పట్టించే సాక్ష్యముంది, నిరపరాధికి శిక్ష పడింది. లేనిది ఒక్క డిటెక్టివే. మాకు బడిలో చెప్పిన నీతి, కులమూ గుణమూ తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకోవద్దని. ఎముకలను చూసి తొందరపడి తీర్పు చెప్పిన పక్షుల సంగతి ఏ పంతులూ ఎత్తలేదు.

అందుకే కోకో కథలు నాకు అంత ఇష్టమయ్యాయి. వాటిలో పిల్లి దీర్ఘకర్ణం పక్షాన లేదు, గుడ్డిగద్ద పక్షాన ఉంది. నిరపరాధి మీదికి నేరం పోతుంటే పుస్తకాన్ని కిందికి తోస్తుంది. బలవంతుడైనా, ఊరికి పెద్దయినా, చేసినవాడి పేరు చివరి పేజీలో బయటికి వస్తుంది. వీటిని కాలక్షేపం పుస్తకాలని తీసిపారేసేవాళ్లు ఒక్కసారి బాయి గడ్డ మీద కూర్చుని పంచనామా చూడాల్సింది. నిజం తెలిసినవాళ్లు దాన్ని చెప్పడం, విన్నవాళ్లు పట్టించుకోవడం ఎంత ఊరటో అప్పుడు తెలిసేది.

ఇప్పటి తరం చూసేదేమిటి? ఫోనులో నేరాల సీరీసులు. కత్తి దిగే చప్పుడు చెవి పక్కనే, నెత్తురు తెర నిండా. హంతకుడి బాల్యానికి నాలుగు భాగాలు, చచ్చినవాడికి నాలుగు నిమిషాలు. సినిమాలో హీరో యాభైమందిని నరికితే ఆ యాభైమంది ఎవరని అడిగే ఇన్‌స్పెక్టర్ ఒక్కడుండడు. మా యుగంధర్ ఒక్క శవం కోసం రెండువందల పేజీలు తిరిగేవాడు. చచ్చినవాడు చెడ్డవాడైనా సరే, ఎవరు చంపారో తేలాల్సిందేననేవాడు. ఆ పట్టుదల ఏమైపోయింది?

ఊళ్లూ మారాయి. పెంకులు పోయి స్లాబులు వచ్చాయి, కిటికీలకు దోమల జాలీలు, గేటు మీద సీసీ కెమెరా. పిల్లి దూరే సందు లేదు. కెమెరా గేటు దాకే చూస్తుంది, పొయ్యి దాకా పోదు. నేనుండే కాలనీలో పక్క పోర్షనులో ఒక పెద్దమనిషి పోయిన సంగతి ఐస్ బాక్సు వచ్చినప్పుడుగానీ మాకు తెలియలేదు.

రాయగలిగిన పిల్లలు మా దిక్కున చాలామంది ఉన్నారు. వాళ్లనే అడుగుతున్నాను. మద్రాసు వద్దు, హైదరాబాదూ వద్దు. కల్వకుర్తి దగ్గరో దేవరకొండ దగ్గరో ఒక ఊరు తీసుకోండి. 1984లో పట్వారీ, పటేలు పదవులు రద్దయినప్పుడు ఒక పాత పట్వారీ ఇంటి అటక మీదనే ఉండిపోయిన దఫ్తరం ఒకటి. ఎర్ర గుడ్డలో మూటకట్టిన ఆ కట్టలో 1954-55 కాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా ఏదొచ్చినా అందరూ పరుగెత్తేది ఆ కాగితం దగ్గరికే. భూముల ధరలు పెరిగి, 2020లో ధరణి వచ్చి, రికార్డులన్నీ కంప్యూటరుకు ఎక్కాక ఒక కౌలుదారు కుటుంబం పేరు మాయమైంది. కాస్రాలో వాళ్ల పేరున్న ఆకూ మాయమైంది. పాత పట్వారీ చచ్చిపోయి ఉన్నాడు. ఆ దఫ్తరం మీద ఒక పిల్లి ఈనింది. కాగితాలు చీల్చి పక్క వేసుకుంది, ఆ తర్వాత పిల్లలను ఏడిండ్లు తిప్పింది. ఏ ఇంటికి ఏ వరుసలో పోయిందో కనిపెట్టే ముసలమ్మ ఒకతె చాలు, కథ దానంతటదే నడుస్తుంది.

భాష మన ఊళ్లో మాట్లాడినట్టే రాయండి. హంతకుడు ఎంత పెద్దవాడైనా చివర పేరుపెట్టి చెప్పండి. అచ్చువేసేవాళ్లు అక్షరాలు కాస్త పెద్దవి వాడండి, నా వయసువాళ్లు చదవాలి.