దూరపు కొండ

కొత్తగా వచ్చిన ఆఫీసరుకి దొంతరలంటే గిట్టదు. చేరిన మొదటి వారం బీరువాల మీది కాగితాలు దింపించాడు. రెండో వారం కంప్యూటర్ల మీద పడ్డాడు.

సీనియర్ అసిస్టెంటు వాడే కంప్యూటర్ దగ్గర ఆగిపోయాడు. తెరంతా ఐకాన్లే. 'అర్జీ స్కాన్', 'అర్జీ స్కాన్ 1', 'ఫైనల్', 'ఫైనల్ 2', 'లాస్ట్ ఫైనల్', ఏముందో ఎవరికీ తెలియని 'న్యూ ఫోల్డర్', దాని తమ్ముడు 'న్యూ ఫోల్డర్ 2'. వాల్‌పేపర్ వెంకటేశ్వరస్వామిది. కిరీటం అంచు ఒక్కటే బయటికి కనబడుతోంది.

"ఏమండీ, దేవుడికే ఊపిరాడటం లేదు. సోమవారం జిల్లా నుంచి టీం వస్తోంది. ఈలోగా ఇది ఖాళీ అవ్వాలి."

ఆ అర్జీల్లో ఒకటి ఒక ముసలమ్మది. వితంతు పింఛను కోసం పెట్టుకుంది. చదువు రాదు. అయినా తన కాగితం ఎక్కడుందో ఆమెకు తెలుసు. కింది వరసలో, చెత్తబుట్ట బొమ్మ పక్కన. స్కాన్ చేసిన రోజు సీనియర్ అసిస్టెంటే వేలు పెట్టి చూపించాడు. అప్పట్నుంచీ ప్రతి సోమవారం వస్తుంది. కిటికీలోంచి మెడ సాచి చూసుకుంటుంది. ఎర్ర గుర్తున్న ఆ కాగితం బొమ్మ ఉన్నచోటే ఉంటుంది.

"బుట్ట పక్కనే ఉంది గానీ, బుట్టలో పడలేదు గదా బాబూ?"

"పడదు మామ్మా. పరిశీలనలో ఉంది."

ఆమె వెళ్ళి బస్సెక్కుతుంది.

సీనియర్ అసిస్టెంటు ఆపరేటరు కుర్రాణ్ణి పిలిచాడు. కుర్రాడు అంతా చూసి, "ఊరివారీగా, ఏడాదివారీగా ఫోల్డర్లు చేద్దాం సార్. ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. వారం పడుతుంది" అన్నాడు.

"తెరిస్తే చదవాలి. చదివితే ఏదో ఒకటి రాయాలి. ఇంకో దారి చెప్పవోయ్."

కుర్రాడు తెర మీద ఖాళీ చోటు వెతికాడు. పనిలో కష్టమంతా అదే. అది దొరికాక మౌస్ కుడి బటన్ నొక్కి, 'వ్యూ'లోకి వెళ్ళి, 'షో డెస్క్‌టాప్ ఐకాన్స్' పక్కనున్న టిక్కు తీసేశాడు. చెత్తబుట్టతో సహా అన్నీ మాయం.

"పోయాయా?"

"ఎక్కడికీ పోలేదు సార్. సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కనబడవు, అంతే."

సీనియర్ అసిస్టెంటు అతనికి టీ తెప్పించాడు.

దేవుడు పూర్తిగా బయటపడ్డాడు. సర్కారు ఆఫీసులో దేవుడేమిటని ఆఫీసరు ఆయన్ని కూడా తీయించాడు. కుర్రాడు పాత విండోస్ ఎక్స్‌పీ బొమ్మ పెట్టాడు. పచ్చటి కొండ, నీలాకాశం. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో రోడ్డు పక్కన ఆగి తీసిన ఫొటో అది. 2001 నుంచి లోకమంతా చూసింది. అసలది ద్రాక్షతోటల నేల. వేరుపురుగు పట్టి తోట పీకేశాక గడ్డి మొలిచిందట. అందుకే అంత నున్నగా ఉంటుంది. కుర్రాడు ఈ సంగతి చెప్పబోయాడు గానీ, ఆఫీసరు ఆ తెర పక్కన నిలబడి ఫొటో దిగే హడావుడిలో ఉన్నాడు.

సోమవారం టీం వచ్చింది. వరసగా అన్ని తెరలూ చూసింది. అన్నిటి మీదా అదే కొండ. పెద్దాయన తల పంకించాడు. కాఫీలు వచ్చాయి.

మధ్యాహ్నం బస్సుకి ముసలమ్మ దిగింది. కిటికీలోంచి మెడ సాచింది. కాగితం లేదు. బుట్టా లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నాది ఏది బాబూ?"

సీనియర్ అసిస్టెంటు ఓరగా టీం వైపు చూశాడు.

"ఇక్కడ పెండింగేమీ లేదు మామ్మా."

"అయిపోయిందా అయితే!"

ఆయన కీబోర్డు సర్దుకున్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టింది. కొండకి కూడా పెట్టింది.

టీం పెద్దాయన కాఫీ కప్పు పట్టుకునే అదంతా చూశాడు. ముచ్చటపడి రిజిస్టరు తెప్పించాడు. 'సమస్య పరిష్కారమైనది. అర్జీదారు సంతృప్తి వ్యక్తపరచినారు' అని స్వయంగా రాసి, కింద ఆమె చేత వేలిముద్ర వేయించాడు.