రాళ్లు దిగిన రేవు

బందరు పోర్టుకు సరుకు రాదని ఎవరన్నారు? 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ఒక శంకుస్థాపన రాయి దించారు. 2019 ఫిబ్రవరిలో, సరిగ్గా ఎన్నికల ముంగిట, చంద్రబాబు మరొకటి. 2023 మేలో జగన్ ఇంకొకటి. ముగ్గురు ముఖ్యమంత్రులు సరుకు దించిన రేవు మరెక్కడైనా ఉందా? అన్నీ రోడ్డు మీదే వచ్చాయనుకోండి, అది వేరే సంగతి. మూడో రాయి తర్వాత పనులు కదిలిన మాట మాత్రం నిజం, కాదనకూడదు.

1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొట్టు తెరిచినప్పుడు మనకు ఏ లాజిస్టిక్స్ విధానమూ లేదు పాపం. బట్టల మూటలు వాటంతటవే ఓడలెక్కి సముద్రాలు దాటాయి. ఇప్పుడు విధానముంది, కారిడార్లున్నాయి, పవర్‌పాయింట్లున్నాయి. డెల్టా ధాన్యం మాత్రం లారీ ఎక్కి టోల్‌గేటు దగ్గర నిలబడుతోంది.

జలమార్గం మాటా? ముక్త్యాల నుంచి బెజవాడకు పడవల్లో సరుకు రవాణా అంటూ 2017లో దానికీ ఓ రాయి పడింది. ఒకప్పుడు పడవలు తిరిగిన బెజవాడ కాలువల్లో ఇప్పుడు టోలు కట్టకుండా, డీజిల్ తాగకుండా, ఏ శంకుస్థాపనా అడగకుండా దిగువకు సాగే సరుకు ఒక్కటే: గుర్రపుడెక్క.