ప్రశ్నలకు ప్రవేశం లేదు

దసరా సెలవుల్లో పిల్లకు హైదరాబాద్ చూపించాలని పూనుకున్న తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. చార్మినార్ దగ్గరి రద్దీని తట్టుకోవచ్చు, గోల్కొండ మెట్లను తట్టుకోవచ్చు. ప్రతిదానికీ ‘ఎందుకు నాన్నా’ అనే ఏడేళ్ళ పిల్లను తట్టుకోవడం మాత్రం మామూలు మనుషుల వల్ల కాదు. తగిన బందోబస్తుతోనే బయల్దేరండి.

ముందు ప్లాను. రెండు రోజులు, పదకొండు చోట్లు. ఎక్సెల్‌లో గళ్ళు గీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయండి, బాబాయిలూ పిన్నులూ బొటనవేళ్ళెత్తి ఆశీర్వదిస్తారు. ఒక్కో కట్టడానికి ఇరవై నిమిషాలు, బిర్యానీకి గంటన్నర. పిల్లను మాత్రం ఏం చూస్తావని అడక్కండి. అడిగితే మెట్రోలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిరిగొద్దాం అంటుంది. టికెట్ డబ్బులతో తీరిపోయే సరదాకి ఇన్నోవా మాట్లాడుకుని ఇంతదూరం రావడం దేనికి?

చార్మినార్ దగ్గర ‘1591లో కులీ కుతుబ్ షా కట్టించాడు’ అని చెప్పి ఫోటో తీసేయండి. నాలుగు వైపులా గడియారాలున్నాయి కదా, అన్నీ ఒకే టైం చూపిస్తున్నాయో లేదో చుట్టూ తిరిగి చూద్దాం అంటుంది. అవి 1889లో పెట్టినవి, మన లిస్టులో లేవు అని కొట్టిపారేయండి. పక్కనే గాజుల దుకాణాలున్నాయి. తల్లి అక్కడ గంట గడిపితే షాపింగు, పిల్ల ఇక్కడ పది నిమిషాలు నిలబడితే మొండితనం.

అసలు ప్రమాదం సాలార్‌జంగ్ మ్యూజియంలో పొంచి ఉంది. అక్కడి సంగీత గడియారంలో గంటగంటకూ ఒక గడ్డం బొమ్మ మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట కొట్టి, మళ్ళీ లోపలికి పోతాడు. పక్కన ఇంకో బుల్లి మనిషి సుత్తితో సెకన్లు లెక్కపెడుతూ ఉంటాడు. మన జనం ఆ గడ్డపాయన వచ్చేవేళకు ఫోన్లు పైకెత్తి, గంట మోగడం అయిపోగానే లేచిపోతారు. పిల్ల లేవదు. ‘శుక్రవారం మ్యూజియంకి సెలవు కదా, ఆ రోజు కూడా వస్తాడా? ఎవరూ లేకపోతే ఎవరికోసం కొడతాడు? ఈ సుత్తాయనకు విసుగు రాదా?’ వందల ఏళ్ళుగా తత్త్వవేత్తలు కొట్టుకు ఛస్తున్న సంగతిని పిల్ల నేలమీద చతికిలబడి అడుగుతోంది. మీరు కంగారు పడకండి. ‘ముసుగు రెబెక్కా శిల్పం చూడాలి, పద’ అని రెక్క పట్టుకు లాక్కెళ్ళండి. చలువరాయితో అంత పల్చటి ముసుగు ఎలా చెక్కారని అక్కడ మళ్ళీ మొదలెడుతుంది, అప్పుడు చిప్స్ పొట్లం విప్పండి.

గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుందంటారు. కింద యాభైమంది ఒకేసారి కొడతారు కాబట్టి పైవాడికి ఎవరి చప్పుడు వినిపించిందో దేవుడికే తెలియాలి. పిల్లకు చిన్న కోరిక: ‘నువ్వు పైకెళ్ళు నాన్నా, నేను కింద మూడుసార్లు కొడతా. వినిపిస్తే ఫోన్ చెయ్యి.’ దీన్ని శాస్త్రీయ ప్రయోగం అంటారు. మీ పిల్లను శాస్త్రవేత్తను చెయ్యాలని ఒలింపియాడ్ కోచింగ్‌కి ఫీజు కట్టారు కదా, ఆ ముచ్చట అక్కడ తీరుతుంది, ఇక్కడ మెట్లెవడెక్కుతాడు?

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి సంగతి ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. 1990లో తీసుకెళ్తుండగా బల్లకట్టుతో సహా మునిగి, 1992 చివర్లోగాని బయటికి రాలేదని పొరపాటున నోరు జారితే, ‘కూడా మునిగినవాళ్ళ పేర్లేంటి?’ అని అడుగుతుంది. పెద్దవాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. బోటు టికెట్ ఎంతో మాత్రం అడుగుతారు.

ఇక బిర్లా సైన్స్ మ్యూజియం. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అక్కడుంది. అచ్చంగా మన ఊరి డైనోసార్. పాపం అది అరవదు, తోకాడించదు, సెల్ఫీకి లైట్లు వెయ్యదు. ఆ గడిని ప్లానులోంచి తీసేసి, మాల్‌లో కరెంటుతో గర్జించే ప్లాస్టిక్ డైనోసార్‌ని చూపించండి. దాని గురించి పిల్ల ఏమీ అడగదు. చూశారా, ఎంత హాయిగా ఉందో!

సెలవులయ్యాక బడిలో ‘నేను చూసిన హైదరాబాద్’ అని వ్యాసం రాసుకు రమ్మంటారు. పిల్ల సుత్తాయన గురించి నాలుగు వాక్యాలు రాసి, పెన్సిల్ నోట్లో పెట్టుకు కూర్చుంటుంది. అవి కొట్టేయించి, ‘హైదరాబాద్ చారిత్రక నగరము’ అంటూ మీరే చెప్పి రాయించండి. పదికి తొమ్మిది మీకు గ్యారంటీ. ఆ ఒక్క మార్కూ దస్తూరీకి పోతుంది, దస్తూరీ పిల్లది.