మద్దెల నిజంగానే ఓడు

కంప్యూటర్ ప్రోగ్రామర్లకు క్రీడల మీద ఆసక్తి ఉంటుందా అన్న ప్రశ్నకు లోకం ఏనాడో జవాబు చెప్పేసుకుని నిశ్చింతగా ఉంది. లోకుల లెక్కలో ప్రోగ్రామరంటే సోడాబుడ్డి కళ్లద్దాలు, ముందుకు వాలిన మెడ, కుర్చీతో పోటీపడి పెరిగిన నడుము కలిగి, మెట్లు కనబడితే లిఫ్టు వెతుక్కుంటూ, బంతి తన వైపు వస్తే పట్టుకోవడానికి బదులు పక్కకు తప్పుకునే జీవి. యంత్రం ఏ పనిని ఏ వరుసలో చేయాలో దానికి అర్థమయ్యే భాషలో రాసిపెట్టే మనిషిని ప్రోగ్రామరు అంటారని, పెళ్లిళ్ల పేరయ్యలు ఆ మనిషినే ‘సాఫ్ట్‌వేర్ సంబంధం’ అంటారని తెలిసినవారు కూడా, ఆ మనిషికి ఆటలతో ఉన్న బంధుత్వాన్ని నిదానంగా పరిశీలించిన దాఖలాలు తక్కువ. పరిశీలిస్తే తేలేదేమంటే, క్రీడాసక్తి మూడు విధాలు: చూసే ఆసక్తి, లెక్కగట్టే ఆసక్తి, ఒళ్లు వంచే ఆసక్తి. మొదటి రెండింటిలో ప్రోగ్రామరుకు సాటి వచ్చేవారు లేరు. మూడో దాని దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

చూసే ఆసక్తికి ఆఫీసు వేళలు అడ్డు కావని, భారత్ ఆడే రోజున మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వరకు ఏ అద్దాల మేడలోకి తొంగిచూసినా తెలుస్తుంది. ప్రతి బల్ల మీదా రెండు తెరలుంటాయి. పెద్ద తెర నిండా కోడు, అంటే యంత్రానికి రాసిన ఆదేశాలు ఉంటే, రెండో తెర మూలన అగ్గిపెట్టెంత గడిలో మ్యాచ్ నడుస్తుంటుంది. మేనేజరు అడుగుల చప్పుడు వినగానే రెండు మీటలు కలిపి నొక్కి ఆ గడిని మాయం చేయడంలో కనబడే చురుకుదనం స్లిప్‌లో నిలబడే ఫీల్డర్లలో కూడా అరుదు. అయితే మేనేజరు వచ్చి అడిగేది కూడా స్కోరే కనుక ఆ చురుకుదనం ఎక్కువగా వృథా అవుతుంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారం అసలు ఆటకంటే కొన్ని సెకన్లు వెనకబడి నడుస్తుంది, ఆ వెనకబాటు కూడా ఒక్కో ఫోనులో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, వికెట్ పడినప్పుడు రెండో అంతస్తులో పుట్టిన ‘అయ్యో’ కాసేపటికి నాలుగో అంతస్తులో మళ్లీ పుడుతుంది. ఈ తేడాకు కారణం ఏమిటని ఆరా తీసే ఉద్యోగులు మ్యాచ్ సంగతి మరిచిపోయి నెట్‌వర్క్ సంగతి చర్చించుకుంటూ మూడు ఓవర్లు గడిపేయడం ఈ జాతికి మాత్రమే సాధ్యమైన క్రీడాభిమానం.

ఈ అభిమానం పరాకాష్ఠకు చేరేది ప్రసారాన్ని నడిపే ప్రోగ్రామర్లలో. 2019 జూలై 10న మాంచెస్టర్‌లో న్యూజీలాండ్‌తో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్ యాప్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. న్యూజీలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకి ధోనీ రనౌట్ అయిన క్షణాన దేశమంతా తలపట్టుకుంటే, సర్వర్లను, అంటే కోరినవారందరికీ ప్రసారాన్ని అందించే యంత్రాలను కాచుకుని కూర్చున్నవారి తలనొప్పి వేరే రకానిది. ఆశ వదులుకున్న కోట్ల మంది ఆట నుంచి వెనక్కి వచ్చే మీట ఒక్కసారిగా నొక్కితే వాళ్లంతా యాప్ మొదటి పేజీ మీద వచ్చి పడతారు. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో వెతికి చూపించే ఆ పేజీ అంత తాకిడికి తట్టుకోవాలి. అందుచేత జనం వస్తారని ఎన్ని యంత్రాలు సిద్ధం చేస్తారో, జనం ఒక్కుమ్మడిగా లేచిపోతారని కూడా అంతే సిద్ధపడాలి. 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ నాటికి ఆ 2.53 కోట్లు 5.9 కోట్లకు చేరాయి. భారత్ ఓడిన ఆ రాత్రి దేశంలో ఎవరైనా ఊపిరి పీల్చుకున్నారంటే, అది సర్వర్లు కూలకుండా నిలబడినందుకు ఆ ఇంజనీర్లే అయి ఉండాలి. అంతకుముందు ఆ సెమీఫైనల్‌లో ధోనీ క్రీజులో ఉండాలని ఇలాంటి ఇంజనీర్లు కోరుకున్నంతగా ఏ అభిమాన సంఘమూ కోరుకుని ఉండదు. కారణం మాత్రం దేశభక్తి కాదు.

లెక్కగట్టే ఆసక్తి విషయానికొస్తే, క్రికెట్‌ను ప్రోగ్రామరు కోసమే కనిపెట్టారేమో అనిపించేంత పొంతన కుదిరింది. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో వాన కారణంగా, 13 బంతుల్లో 22 పరుగులు చేయాల్సిన దక్షిణాఫ్రికా ముందు ఒక్క బంతిలో 21 పరుగుల లక్ష్యం మిగిలిన తర్వాత, ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే ఇంగ్లండ్ గణాంక నిపుణులు ఒక పద్ధతి రూపొందించారు. మిగిలిన ఓవర్లను, చేతిలో ఉన్న వికెట్లను కలిపి జట్టుకున్న వనరులుగా శాతాల్లో కొలిచి లక్ష్యాన్ని సవరించే ఈ పద్ధతిని 1997 జనవరి 1న తొలిసారి జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో అమలుచేశారు. సాధారణ ప్రేక్షకుడు వాన పడితే ఆకాశాన్ని తిడతాడు. ప్రోగ్రామరు అదే వానలో ఆ శాతాల పట్టిక తెరిచి, ఐదు ఓవర్లు తగ్గితే ఎంత, పది తగ్గితే ఎంత అని పక్కవారికి వివరిస్తూ, వాన తగ్గిపోతే కొంత నిరాశపడతాడు.

ఇదే లెక్కల పిచ్చి ఫాంటసీ క్రికెట్‌గా ముదిరింది. నిజంగా ఆడబోయే ఆటగాళ్లలో నుంచి ఊహా జట్టును ఎంచుకుని, వారి పరుగులకు, వికెట్లకు వచ్చే పాయింట్ల ఆధారంగా, తరచూ డబ్బు పెట్టి, పోటీపడటాన్ని ఫాంటసీ క్రికెట్ అంటారు. దీని కోసం పదేళ్ల స్కోర్లను పోగుచేసి, పిచ్ స్వభావాన్ని, గాలిలో తేమను కూడా కలిపి, పైథాన్ భాషలో రెండు రాత్రులు మేలుకుని ప్రోగ్రాం రాసి, ఆ ప్రోగ్రాం చెప్పిన జట్టును పెట్టుకున్న సీనియర్ ఇంజనీరు, పేర్లు నచ్చిన పదకొండు మందిని ఎంచుకున్న క్యాంటీన్ కుర్రాడి చేతిలో ఓడిపోవడం ఈ క్రీడలో మామూలుగా ఉండేది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించగా, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా ఆ ముచ్చట ముగిసింది. ప్రోగ్రామరు జేబు బాగుపడింది; ప్రోగ్రాం మాత్రం ఇంకా లాప్‌టాప్‌లో భద్రంగా ఉంది.

ఉద్యోగంలోనూ క్రీడకు లోటు లేదు. 1986లో తకెయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ఆచార్యులు, కొత్త వస్తువును తయారుచేసే బృందం రగ్బీ జట్టులా బంతిని ఒకరికొకరు అందించుకుంటూ కలిసికట్టుగా ముందుకు సాగాలని హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. ఆ ఆలోచన నుంచి పేరు తెచ్చుకున్న స్క్రమ్ అనే పనివిధానంలో రెండు మూడు వారాల పనిగడువును స్ప్రింట్ అంటారు. రోజూ పావుగంట నిలబడి జరుపుకునే సమావేశాన్ని స్టాండప్ అంటారు. వంద మీటర్ల పరుగు ముగిశాక ఉసేన్ బోల్ట్ కూడా ఆగిపోయేవాడు; సాఫ్ట్‌వేర్ స్ప్రింట్ శుక్రవారం ముగిస్తే సోమవారం మరొకటి మొదలవుతుంది. ఆ నిలబడే పావుగంటే చాలామందికి ఆ రోజుకు దక్కే ఏకైక వ్యాయామం, అది కూడా కరోనా కాలంలో ఇంటి నుంచి కూర్చునే జరిగింది.

మరి ఒళ్లు వంచే ఆసక్తి ఈ వృత్తికి స్వభావసిద్ధంగానే లేదా అంటే, చరిత్ర అలా చెప్పడం లేదు. కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన అలన్ ట్యూరింగ్ 1947లో ఇంగ్లండ్ మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తిచేసి అయిదో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్ విజేత సమయం అంతకంటే 11 నిమిషాలే తక్కువ. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ జట్టుకు బౌలింగ్ చేసి, నాయకత్వ పాఠాలు ఆ పిచ్ మీదే నేర్చుకున్నానని తన పుస్తకంలో రాసుకున్నాడు. ముంబయిలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ఒరాకిల్‌లో పనిచేస్తున్న సౌరభ్ నేత్రవల్కర్ 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు తరఫున డాలస్‌లో సూపర్ ఓవర్ వేసి పాకిస్తాన్‌ను ఓడించాడు. ఆరు రోజుల తర్వాత న్యూయార్క్‌లో కోహ్లిని తొలి బంతికే పంపించాడు. ఆ కుర్రాడు ప్రపంచకప్‌కు కూడా లాప్‌టాప్ తీసుకెళ్లి హోటల్ గదిలో ఆఫీసు పని చేసుకున్నాడని అతని సోదరి చెప్పిన మాట పత్రికల్లో వచ్చింది. ప్రోగ్రామర్లు అందులో, తలచుకుంటే తామూ ఆడగలమన్న ఆశను చూసుకున్నారు. మేనేజర్లు మాత్రం, ప్రపంచకప్ ఆడటానికి కూడా సెలవు అక్కర్లేదన్న సందేశాన్ని గ్రహించారు.

ఈ ఆశ తీరే చోటు హైదరాబాద్‌లో బాక్స్ క్రికెట్. నాలుగు వైపులా, పైనా వల కట్టి, కింద ప్లాస్టిక్ పచ్చిక పరిచిన ఇరుకు స్థలంలో టెన్నిస్ బంతితో ఆడే ఆటను ఇలా పిలుస్తారు; ఆ స్థలాన్ని టర్ఫ్ అంటారు, దాన్ని గంటల లెక్కన అద్దెకిస్తారు. సాయంత్రం గంటలకు రేటు ఎక్కువ, పైగా అమెరికా వారితో కాల్ ముగిసేసరికి పదిన్నర దాటుతుంది కనుక ఆట అర్ధరాత్రికి మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులో ‘వస్తా’ అన్నవారు పదహారు మంది, వచ్చినవారు తొమ్మిది మంది. ఒకరు రెండు జట్లకూ ఆడతారు. బంతి వలను నేరుగా తాకితే నాలుగా ఆరా, పై వలకు తగిలి వచ్చిన బంతిని పడితే అవుటా కాదా అన్న చర్చలో, తమ కోడులో ఏనాడూ రాయని మినహాయింపులన్నీ అందరికీ స్ఫురిస్తాయి. రెండో ఓవర్లో ఒకరి తొడకండరం పట్టేస్తుంది, నాలుగో ఓవర్లో మరొకరి కాలు బెణుకుతుంది, ఆరో ఓవర్లో ఒకరికి ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఆట ముగిశాక అద్దె వాటాలు తేల్చే లెక్క, ఆట కంటే ఎక్కువ సేపు, ఆట కంటే ఎక్కువ పట్టుదలతో సాగుతుంది. ఈ వేళలో ఇల్లు కదలలేని మహిళా ప్రోగ్రామర్లకు ఆ బెణుకు భాగ్యం కూడా లేదు.

ఇంతటి ఆసక్తి ఉన్నవారు అర్ధరాత్రి వలలోకి ఎందుకు చేరారో తెలుసుకోవాలంటే పదిహేనేళ్ల వయసు దగ్గరికి వెళ్లాలి. అప్పటిదాకా గల్లీలో గోడ మీద బొగ్గుతో వికెట్లు గీసి, ఒక్క పిచ్ పడిన బంతిని ఒంటి చేత్తో పట్టినా అవుటే అని శాసనాలు చేసుకున్న పిల్లలను, పదో తరగతి ముగిసిన వారానికే కార్పొరేట్ కళాశాల అనే బహుళ అంతస్తుల భవనంలో చేర్పిస్తారు. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయే దాకా సాగే స్టడీ అవర్లలో ఆటలకు కేటాయించిన గంట ఏదైనా ఉంటే అది కాలపట్టికలోనే ఉంటుంది. ఆ గంటలో లెక్కల మాస్టారు వస్తారు. చాలాచోట్ల కళాశాల మైదానం కూడా గుర్తింపు కోసం సమర్పించిన కాగితాల్లోనే పచ్చగా ఉంటుంది. ఆటల్లో రాణించినవారికి ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం కోటా ఉందని చెబితే, మిగతా తొంభై తొమ్మిదిన్నర శాతం ఎటుందో చూసుకోమని తల్లిదండ్రులు లెక్క చెబుతారు. రెండేళ్లు ఆడితే ర్యాంకు పోతుందని భయపడి ఆపిన ఆటను, ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు, ఉద్యోగంలో పదేళ్లు గడిచి, డాక్టరు కొలెస్ట్రాల్ చీటీ చేతిలో పెట్టి ఆడమన్నప్పుడు మళ్లీ మొదలుపెడతారు.

ఈలోగా నగరం మైదానాలను మింగేసింది. గచ్చిబౌలి స్టేడియం, బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సింధును ఒలింపిక్ పతకానికి చేర్చిన గోపీచంద్ అకాడమీ ఐటీ భవనాలకు కూతవేటు దూరంలోనే ఉన్నా, అత్యధిక ఉద్యోగులు వాటిని చూసేది సిగ్నల్ దగ్గర ఆగిన క్యాబ్ కిటికీలోంచే. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు మాత్రం శని, ఆదివారాల్లో తెల్ల బట్టలు వేసుకుని గడ్డి మైదానాల్లో లీగులు ఆడుకుంటున్నారు. అంటే పట్టపగలు, అసలు నేల మీద క్రికెట్ ఆడాలంటే తెలుగు ప్రోగ్రామరుకు వీసా కావాలన్నమాట. ఆడలేక మద్దెల ఓడన్నారని లోకం ఈ వర్గాన్ని వెక్కిరించవచ్చు గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు.

కనుక ప్రోగ్రామర్లకు క్రీడాసక్తి ఉందా అన్న ప్రశ్నను ప్రోగ్రామర్లను అడగడం దండగ. మైదానం లేని కళాశాలకు గుర్తింపు ఇచ్చే అధికారిని, ఆటల గంటలో లెక్కలు చెప్పించే ప్రిన్సిపాలును, ఖాళీ స్థలం కనబడగానే అంతస్తులు లెక్కపెట్టే బిల్డరును, సాయంత్రం ఆరింటికి కాల్ పెట్టే మేనేజరును, పిల్లవాడు బ్యాటు పట్టుకుంటే ర్యాంకు గుర్తుచేసే తండ్రిని అడగాలి. పదిహేనేళ్ల పిల్లలకు రోజూ ఒక గంట, కాలు మోపడానికి కాస్త నేల ఇస్తే, పదేళ్ల తర్వాత ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే ఎవరికీ ఉండదు.